అడ్డగాలి

దక్షిణ సెర్బియాలో ఒక చిన్న ఊరు. అక్టోబరు నెల, శనివారం పొద్దున, సన్నటి ముసురు. ముసురు వల్ల పెరట్లో ఉడకాల్సిన మిరపకాయల పచ్చడి ఇంటి కింద గరాజులోకి, ఇనప పొయ్యి మీదికి చేరింది. గరిటె తిప్పుతున్నది రూజిత్సా. బల్బు కింద మెడ ఎత్తి నిలబడ్డది ఆమె అన్న విటోమిర్, బస్సు డిపోలో ఎలక్ట్రీషియను.

"పద్నాలుగు సుత్తులన్నయ్యా. నేనే లెక్కపెట్టాను. మొన్న హాల్లో క్యాలెండరుకి ఒక్క మేకు కొట్టమంటే, సరైన సుత్తి లేదన్నాడు మా ఆయన."

"మేకుని బట్టి సుత్తి ఉండాలి రూజా. నీకు తెలీదు."

"నాకు తెలీదు కాబట్టే కొట్టేశాను. మాంసం దంచే సుత్తితో. ఈ ఇంట్లో పనిచేసే సుత్తి అదొక్కటే."

"పాపం మిలాదిన్."

"పాపమే. పెళ్ళప్పుడు రెండు సుత్తులు, తలనిండా జుట్టు ఉండేవి. జుట్టు పోయింది, సుత్తులు పెరిగాయి. ఏదో ఒకటి పెరగాలి కదా మగాడికి అని ఊరుకున్నాను."

"నువ్వు ఊరుకున్నావా."

"మొదటి పదేళ్ళు."

"సరేగానీ ఈ బల్బు చూడు. ఇంత గరాజుకి నడిమధ్య ఒక్క బల్బు వేలాడదీశాడు. పనిచేసే మనిషి నీడ వాడి చేతుల మీదే పడుతుంది. ఎక్కడ కోస్తున్నాడో వాడికే కనపడదు. దీపం వీపు వెనక ఉండకూడదు, బల్లకి ఎదురుగా పైన ఉండాలి, కంట్లో కొట్టకుండా. ఒక ట్యూబ్‌లైటు బల్ల మీద. ఇంకోటి కారు వైపు."

"ఆ మూలకి కూడా ఒకటి వెయ్యి."

"ఆ మూల ఏముంది? పాత పెయింటు డబ్బాలు."

"అదే. ఆ డబ్బాల వెనకాల ఏముందో కనపడాలిగా."

"రూజా."

"ఊఁ."

"నువ్వు నన్ను లైట్లు చూడమని పిలిచావా, ఇంకేదన్నా చూడమని పిలిచావా?"

"లైట్లే. వెలుతురుంటే మిగతావి వాటంతటవే కనపడతాయి."

"తలుపెవరు తీశారు? నేను వంటింట్లో సీసాలు కడుగుతుంటే కూడా చలి తెలుస్తోంది నాకు."

"నేనేనండి దెసాంకా అత్తయ్యగారూ. కాస్త వెలుతురు కోసం."

"మూసెయ్ నాయనా, ముందు మూసెయ్. అటు మెట్లు, ఇటు తలుపు. అడ్డగాలి వచ్చి తిన్నగా నా కోడలి నడుముకి తగులుతుంది. గుండిగ దగ్గర చెమట పట్టి ఉంది, ఆ చెమట మీద అడ్డగాలి తగిలితే మూత్రపిండాలు ఏం కావాలి? మా పిన్నత్తగారు అలాగే పోయింది."

"ఆవిడకి తొంభై ఒకటి కదా అత్తయ్యా."

"అడ్డగాలి తగలకపోతే వందేళ్ళు బతికేది. ఏదీ, ఉప్పు చూడనీ. తక్కువైంది. కలుపు, కలుపు, చెయ్యి ఆపకు. అడుగంటితే యాభై కిలోల మిరపకాయలు పందులకి కూడా పనికిరావు. వాడు ఫోను చేశాడా?"

"లేదు."

"పొద్దున ఏడింటికి వెళ్ళాడు. రక్తం తీస్తారట, కాలేయం చూస్తారట. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన మనిషిని దొంగని కూర్చోబెట్టినట్టు డాక్టరు గది ముందు కూర్చోబెట్టారు. ఎందుకని అడుగు నాయనా."

"నాకు తెలుసు అత్తయ్యగారూ. నేనూ ఆ డిపోలోనే కదా."

"ఎవరో ఆడమనిషి డిపోకి ఫోను చేసిందట. మీ మిలాదిన్ తాగుతాడు, బడిపిల్లల బస్సు వాడికివ్వకండి అని. పేరు చెప్పలేదట. పేరు చెప్పకపోతే నాకు తెలీదా? మా ప్రహరీ పక్కన దివ్నా. వేసవిలో గోడ కట్టేటప్పుడు వాడు నాలుగు మాటలన్నాడని మనసులో పెట్టుకుంది."

"అత్తయ్యా, సీసాలు పగిలిపోతాయి, మరిగే నీళ్ళలో వదిలేసొచ్చారు."

"పోనీ. దాని సంగతి తేలుస్తా."

"అత్తయ్యా, సీసాలు."

"వెళ్తున్నా, వెళ్తున్నా. తలుపు తియ్యకండి."

"వెళ్ళిందా?"

"మెట్లెక్కింది. ఇప్పుడు చెప్పు రూజా."

"ఏం చెప్పను. మూడు వారాలుగా ఇదే. డ్యూటీ దిగుతాడు, తింటాడు, ఇక్కడికి దిగుతాడు. మామగారి కారు బాగుచేస్తాడట. ఆ కారు మా పెళ్ళి నుంచీ బాగవుతూనే ఉంది. రెండు గంటలయ్యాక పైకి వస్తాడు. మొహం ఎర్రగా, కాళ్ళు తడబడుతూ. మొన్న తాళంచెవి పట్టుకుని తాళంచెవి ఏదని వెతికాడు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఏమైందంటే తలనొప్పి అంటాడు."

"తలనొప్పే కావచ్చు."

"రాకియా సారా వాసనొచ్చే తలనొప్పి."

"నువ్వు చూశావా?"

"నా ముక్కుతో. పక్కన పడుకునేది నేనన్నయ్యా, నువ్వు కాదు. రెండేళ్ళ క్రితం ఇంటి దేవుడి పండగనాడు కొవ్వొత్తి ముట్టుకుని ఒట్టేశాడు. ఇంక చుక్క ముట్టనని. ఆ మర్నాడే ఇంట్లో ఉన్న పదకొండు లీటర్లూ నేను కాలవలో పోశాను. వారం రోజులు దివ్నా బాతులు తిన్నగా నడవలేదు."

"ఆ గొడవ నాకు తెలీదు."

"నవ్వకు. నలభై మంది పిల్లలు కూర్చుంటారు ఆ బస్సులో. కొండ మలుపులు. మంచు మొదలవబోతోంది. నేనేం చెయ్యాలి చెప్పు. సీసా ఇక్కడే ఉంది. ఇంట్లో ప్రతి అరా వెతికాను, అత్తయ్య మంచం కింద తప్ప. సీసా దొరికితే వాడి ముందు పెట్టి అడుగుతాను. ఆ తర్వాత నేనిక్కడ ఉండాలా, కూతురి దగ్గరికి వెళ్ళాలా తేల్చుకుంటాను."

"పెట్టె సర్దేశావా?"

"సగం."

"నేనూ ఒకటి చెప్పనా."

"చెప్పు."

"డైరెక్టరు నిన్న నన్ను పిలిచాడు. విటోమిర్, అతను నీకు బావ, వెళ్ళి ఒకసారి చూసిరా, నిజంగా తాగుతుంటే నాకు చెప్పు, కాగితాలు రాకముందే మర్యాదగా రాజీనామా పెట్టించేద్దాం అన్నాడు. పింఛనుకి పద్నాలుగు నెలలుంది మరి."

"అంటే నువ్వు కూడా లైట్ల కోసం రాలేదన్నమాట."

"లైట్ల కోసం కూడా."

"అన్నాచెల్లెళ్ళం. సరే, వెతుకు. నేను గరిటె వదల్లేను."

"ఆ ఫోను చేసిన మనిషి గొంతు పట్టేసినట్టు మాట్లాడిందట."

"ఊఁ."

"మెట్లెక్కేటప్పుడు ఎన్నో మెట్టు దగ్గర తూలుతాడో కూడా చెప్పిందట."

"ఊఁ."

"మీ మెట్లు ఇంటి లోపల కదా రూజా. దివ్నా ఇంట్లోంచి కనపడతాయా?"

"నన్ను కలపనీ అన్నయ్యా. అడుగంటుతోంది. ఆ బల్ల కింద చూడు."

"బల్ల కింద... ఇదేంటి, పెట్రోలు డబ్బానా? పొయ్యికి నాలుగడుగుల దూరంలో పెట్రోలు డబ్బా. మూతకి బదులు గుడ్డ కుక్కాడు. వీడు తాగినా తాగకపోయినా వీడి చేతికి బస్సివ్వకూడదు."

"తాగేవాడికి అన్నీ ఒకలాగే కనపడతాయి."

"ఇది బయట ఉండాల్సింది. నీడలో, ఇనప డబ్బాలో, బిగుతు మూతతో."

"ఇప్పుడు తలుపు తీస్తే ఆవిడ మళ్ళీ దిగుతుంది. అటు చివరికి జరుపు."

"జరిపాను. ఈ కటింగ్ మిషన్‌కి గార్డు ఏది?"

"తీసేశాడు. అడ్డమట."

"అడ్డమే. చక్రానికీ మొహానికీ మధ్య అడ్డం ఉండటానికే దాన్ని పెట్టేది. చక్రం ముక్కలైతే ఎటు పోతుందో అడిగి పోదు. కళ్ళద్దాలు ఉన్నాయా? ఆ ఉన్నాయి, మేకుకి తగిలించాడు, సాలెగూడుతో సహా. కొత్తవే."

"పుట్టినరోజుకి నేనిచ్చాను."

"డ్రిల్లు తిరిగేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకుంటాడా?"

"వేసుకుంటాడు. అదొక్కటే జాగ్రత్త."

"అదే తప్పు. తిరిగే మిషన్ దగ్గర గ్లవ్సు ఉండకూడదు. ఒక్క పోగు చుట్టుకుంటే చెయ్యంతా లోపలికి లాగేస్తుంది. ఇటు చూడు, వైరు తీసుకెళ్ళి తివాచీ కింద దూర్చాడు. మీద నడిచి నడిచి తోలూడిపోయింది. కింద సిమెంటు తడి."

"నువ్వు సీసా కోసం వెతుకుతున్నావా, పరీక్ష పెడుతున్నావా?"

"అలవాటు. కారు కింద చూస్తాను. అమ్మో."

"దొరికిందా?"

"కాదు. జాకీ మీద నిలబెట్టాడు. కింద ఇటుకలు. జాకీ ఉన్నది ఎత్తడానికి రూజా, మొయ్యడానికి కాదు. ఎత్తాక కింద ఇనప స్టాండ్లు పెట్టాలి. ఇటుక చెప్పకుండా పగులుతుంది. నేను దీనికింద తల పెట్టను."

"వాడు రోజూ పెడతాడు."

"ఇక్కడ వేడిగా లేదూ?"

"పొయ్యి ముందు నిల్చున్నది నేను."

"కిటికీ కాస్త..."

"కిటికీ రాదు. రంగు వేసి మూసేశారు. నా తల మీద ఇంకో గుండిగ పెట్టినట్టుంది. రాత్రి నిద్రలేదులే."

"ఈ పానా మీద ఎంత రాసుంది? పదమూడా, పదిహేడా?"

"అద్దాలు పెట్టుకో."

"పెట్టుకునే ఉన్నాను. ఏం చెబుతున్నాను నేను?"

"జాకీ."

"జాకీ చెప్పేశాను."

"మళ్ళీ చెప్పు, ఏం పోయింది. పద్నాలుగు సుత్తులన్నయ్యా. మేకు కొట్టమంటే సరైన సుత్తి లేదన్నాడు."

"చెప్పావు."

"చెప్పానా?"

"చెప్పావు. ఎందుకు నవ్వుతున్నావు?"

"నువ్వూ నవ్వుతున్నావు. మూలకి వెళ్ళు. డబ్బాలు. డబ్బాలు."

"డబ్బాలు... పచ్చ రంగు. తెల్ల రంగు. డబ్బాల వెనక రబ్బరు బూటు. ఒక్కటే బూటు."

"ఒక్క బూటెందుకు దాచుకుంటారు ఎవరైనా?"

"ఆగు. లోపల ఏదో ఉంది."

"ఏముంది?"

"లాగనీ, ఇరుక్కుంది."

"అన్నయ్యా, ఏముంది?"

"సీసా. సగం ఖాళీ."

"మూత తియ్యి."

"తియ్యక్కర్లేదు రూజా. ఇక్కడికే వస్తోంది వాసన. ఆల్‌బుఖారా పళ్ళ రాకియా. మంచిది."

"నేను చెప్పలా. నేను చెప్పలా. కొవ్వొత్తి ముట్టుకుని... ఇటివ్వు. ఇటివ్వు ఆ సీసా."

"కూర్చో. నువ్వు కూర్చో ముందు."

"కాళ్ళు నా మాట వినడం లేదు. ఏడుపు వల్ల. ఏడుపొస్తే నాకు కాళ్ళిలాగే..."

"నేనూ కూర్చుంటా కాసేపు. ఒక్క నిమిషం."

"వాసన వస్తోంది. పచ్చడి మాడుతున్న వాసన. కోడలా, గరిటె నేల మీద ఎవరు పడేశారు?"

"అత్తయ్యా..."

"లే. గుండిగ దగ్గర ఎవరూ లేకుండా ఇద్దరూ నేల మీద కూర్చున్నారేంటి? చల్లటి సిమెంటు మీద, ఆడది. నీ మొహమేంటే అంత ఎర్రగా ఉంది? ఓహో. చేతిలో సీసా. పొద్దున పదకొండు గంటలకి. అన్నాచెల్లెళ్ళిద్దరూ కూడబలుక్కుని."

"మేం... మేం ముట్టలేదత్తయ్యా. చుక్క."

"నాలిక మడత పడుతోంది, చుక్క ముట్టలేదట. లేచి నిలబడు చూద్దాం. చూశావా, ఎలా తూలుతోందో. అచ్చం వాడు పైకొచ్చినట్టే. అదే మొహం, అవే కళ్ళు, అదే ముద్దమాట."

"ఏమన్నారు?"

"తాగుబోతులన్నాను."

"కాదు. దాని తర్వాత. అత్తయ్యగారూ, దాని తర్వాత ఏమన్నారు?"

"వాడు పైకొచ్చినట్టే ఉందన్నాను."

"మూత తియ్యలేదు. రూజా, ఈ సీసా మూత మనం తియ్యలేదు కదా?"

"తియ్యలేదు."

"లే. లే, బయటికి. సీసా వదిలెయ్. నా భుజం పట్టుకో. అత్తయ్యగారూ, తలుపు."

"చెమట మీద ఉంది, అడ్డగాలి..."

"తలుపు బార్లా తియ్యండి. ఇప్పుడే. మీరూ బయటికి నడవండి."

పెరట్లో, చెక్క బెంచీ మీద. ముసురు ఆగలేదు.

"పీల్చు. లోతుగా. మళ్ళీ."

"వాంతి వచ్చేలా ఉంది."

"కానీయ్. సిగ్గుపడకు. ఆంబులెన్సుకి ఫోను చేశాను, వస్తున్నారు. ఇద్దరం వెళ్ళి చూపించుకోవాలి, బాగానే ఉంది కదా అని కూర్చోకూడదు."

"జుట్టు తడుస్తోంది దానికి. ఈ శాలువా అన్నా..."

"తడవనివ్వండి. అత్తయ్యగారూ, ఎటు వెళ్తున్నారు?"

"గుండిగ దించొద్దూ?"

"లోపలికి అడుగు పెట్టకండి."

"యాభై కిలోలు నాయనా."

"మాడిపోనివ్వండి. ఇక్కడ కూర్చోండి. నేనొకటి అడుగుతాను. వెనక గోడకి రెండు కంతలుండాలి. నేల దగ్గర ఒకటి, కప్పు దగ్గర ఒకటి. మిలాదిన్ నాన్నగారు ఉన్నప్పుడు, ఆ పొయ్యి పెట్టినప్పుడు, నేనే స్వయంగా కొట్టాను. ఇందాక నాకు కనపడలేదు."

"కంతల సంగతి నాకేం తెలుసు."

"అత్తయ్యా."

"గోడలన్నీ నేను చూస్తూ కూర్చుంటానా?"

"అత్తయ్యా, దేంతో మూశారు?"

"మూశానని ఎవరన్నారు?"

"చెప్పండి."

"కింద దానికి పాత దిండు. పైదానికి మీ మామగారి కోటు. దానిమీద కొంచెం సిమెంటు."

"సిమెంటు కూడానా?"

"కొంచెమేనన్నానుగా. ఎలకలు లాగెయ్యకుండా. వాడికి మెడ పట్టేస్తోంది. కారు కింద వెల్లకిలా పడుకుంటాడు, ఆ కంతలోంచీ ఈ కంతలోకి అడ్డగాలి తిన్నగా వాడి మెడ మీంచి పోతుంది. తల్లిని, చూస్తూ ఊరుకోనా?"

"ఎప్పుడు మూశారు?"

"సిలువ పండగ మర్నాడు."

"మూడు వారాలు."

"మూడు వారాలే, రూజా. పొయ్యికి గాలి కావాలి అత్తయ్యగారూ. కట్టె మండాలన్నా గాలి కావాలి, పొగ గొట్టమెక్కాలన్నా కింద నుంచి గాలి తొయ్యాలి. మీరు రెండూ మూసేశారు. సగం మండిన కట్టె ఒక విషగాలి వదులుతుంది. రంగుండదు, వాసనుండదు, దగ్గు కూడా రాదు. తల నొప్పెడుతుంది, కడుపులో తిప్పుతుంది, కాళ్ళు తడబడతాయి, మాట ముద్దవుతుంది. అక్కడితో ఆగితే అదృష్టం. ఆగకపోతే నిద్రపుచ్చుతుంది. ఆ నిద్రలోంచి లేపడానికి ఎవరివల్లా కాదు."

"వాడు మరి రోజూ..."

"రోజూ ఆ పొయ్యి రాజేసుకుని రెండు గంటలు. కారు కింద, నేల మీద. ఏదో ఒక రాత్రి కాస్త హాయిగా ఉందని అక్కడే కళ్ళు మూసి ఉంటే చాలు."

"ఊరుకో నాయనా. ఇంక చెప్పకు."

"ఆగన్నయ్యా. మరి వాసన? నేను పిచ్చిదాన్ని కాదు. మూడు వారాలు నా పక్కన రాకియా వాసన."

"సీసా కూడా ఉంది మరి."

"అత్తయ్యా, మీరెందుకు శాలువా అంచు చూసుకుంటున్నారు?"

"అది నేను రాశాను."

"ఏది?"

"రాకియా. కణతలకి, పాదాలకి. పైకెక్కగానే ముందు నా గదిలోకొచ్చి కూర్చుంటాడు, అమ్మా తల పగిలిపోతోంది అంటాడు. తలనొప్పికి ఇంకేం రాయాలి, మీరే చెప్పండి. మేజోళ్ళు కూడా అందులో తడిపి తొడిగాను రెండుసార్లు."

"ఆ బూటులో సీసా..."

"నాదే. ఇంట్లో ఏ అర వదిలావు గనక నువ్వు? నా మందుల డబ్బా కూడా వాసన చూశావు."

"నేను వాణ్ణి రోజూ తిడుతుంటే విన్నారు కదా మీరు. గోడ అవతలే కదా."

"విన్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే సీసా పారబోస్తావు."

"దేవుడా. అన్నయ్యా, విన్నావా? సీసా పారబోస్తానని. వాడికి నోరు లేదా మరి, వాడెందుకు చెప్పలేదు? అమ్మ రాసిందని ఒక్క మాటంటే నేను నమ్మనా?"

"నమ్మేదానివా రూజా?"

"వాడు భయపడ్డాడు కోడలా. తలలో ఏదో పెరుగుతోందనుకున్నాడు. వాళ్ళ మేనమామకి అలాగే వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్ళరా అంటే, పింఛను చేతికొచ్చాక వెళ్తానన్నాడు. రూజాకి చెప్పనా అంటే వద్దన్నాడు. తాగాననుకుంటే తిడుతుంది, జబ్బంటే ఏడుస్తుంది, తిట్టుకోనివ్వమ్మా, తిట్టేటప్పుడు బాగానే ఉంటుంది అన్నాడు."

"అలా అన్నాడా?"

"అన్నాడు."

"ఫోనన్నయ్యా. నీ ఫోను మోగుతోంది."

"మిలాదినే. హలో, బావా. చెప్పు. ఆ... ఆ... మళ్ళీ చెప్పు, వీళ్ళకి కూడా చెబుతాను. రక్తంలో చుక్క లేదట. కాలేయం కడిగిన గ్లాసులా ఉందని డాక్టరే అన్నాడట."

"నేను చెప్పలా. నా కొడుకు."

"బావా, విను. అక్కడి నుంచి కదలకు. పొయ్యి పొగ పీల్చాను, రక్తంలో అది చూడండి అని అడుగు. అవును, పొయ్యి. తర్వాత చెబుతాను. నీ తలలో ఏమీ పెరగడం లేదు బావా, మీ అమ్మ గోడకి దిండు కుక్కింది. తర్వాత చెబుతానన్నానుగా. బస్సు సంగతేంటి? ఏం? ఎందుకని?"

"ఏమంటున్నాడు?"

"సోమవారం బస్సివ్వరట."

"కాగితం ఉందిగా చేతిలో."

"కాగితం ఉన్నా ఫిర్యాదు అలాగే ఉందట. పిల్లల బస్సు కాబట్టి, ఫోను చేసిన మనిషి వచ్చి పొరబడ్డానని చెప్పి సంతకం పెడితే గానీ మూసెయ్యరట. లేదంటే కమిటీ, విచారణ. వసంతం దాకా డిపోలో బస్సులు కడుగుతూ కూర్చోవాలి."

"ఆ పార ఇటివ్వు నాయనా."

"పారెందుకు అత్తయ్యగారూ?"

"దివ్నా సంతకం పెడుతుంది. ఇవాళే పెడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు నడిపిన మనిషి చేత బస్సులు కడిగిస్తుందా అది?"

"అత్తయ్యా, కూర్చోండి."

"నేను కూర్చోను. దివ్నా. ఏయ్ దివ్నా. బయటికి రా ఒకసారి."

"బావా, మీ అమ్మ గేటు దాకా వెళ్ళింది. లేదు, ఆగు, నువ్వు రాకు. రూజా, మిలాదిన్ కూడా తిన్నగా దివ్నా ఇంటికే వస్తానంటున్నాడు. వాళ్ళాయన్ని కూడా బయటికి లాగుతాడట."

"ఫోను ఇటివ్వన్నయ్యా."

"నువ్వు మాట్లాడగలవా? నీ మొహం ఇంకా..."

"ఇటివ్వు. అత్తయ్యా, పార కింద పెట్టి వెనక్కి రండి. దివ్నాని పిలవకండి. ఆవిడకేం తెలీదు."

"నీకెలా తెలుసు దానికేం తెలీదని?"

"మిలాదిన్. నేను. ఆ, బాగానే ఉన్నాను. కాస్త తల తిరిగింది, అంతే. నా సంగతి వదిలెయ్, నువ్వేం చెప్పకు, నేను చెప్పేది విను. గురువారం సాయంత్రం నువ్వు సోఫాలో పడి ఉన్నావు. నేను వంటింటి తలుపు మూసుకుని, గిన్నెలు తుడిచే గుడ్డ ఫోనుకి అడ్డం పెట్టుకుని డిపోకి చేశాను. ఎన్నో మెట్టు దగ్గర తూలుతావో కూడా చెప్పాను. ఉన్నావా? మిలాదిన్, ఉన్నావా? సోమవారం వచ్చి సంతకం పెడతాను, డైరెక్టరు ముందు, నీ ముందు. ముందు నీకు చెబుతున్నాను. నేను పొరబడ్డాను."